ఆసక్తులు చెప్పుకున్న అమ్మాయికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన 'నా గురించి' వ్యాసం అందింది. మొదటి పేరా చదవగానే చిరాకేసింది. "నేను ప్రోగ్రామర్‌ని. గణితం, ఖగోళశాస్త్రం, చదరంగం, సంగీతం, భాషల చరిత్ర, ఛందస్సు, పక్షుల్ని గమనించడం, తత్వశాస్త్రం నాకు ఆసక్తి ఉన్న విషయాలు" అని మొదలుపెట్టావు. వరసగా ఎనిమిది పేర్లు, మధ్యలో కామాలు. ఈ ఎనిమిదీ ఇంకెవరైనా రాసుకోవచ్చు. వాళ్ళలో నువ్వెవరో నేనెలా గుర్తుపట్టను?

మూడో పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది. పద్యం ఇస్తే గురులఘువులు గుర్తుపట్టి గణాలు కట్టే చిన్న ప్రోగ్రామ్ రాశావట. అన్నీ సరిగ్గానే వచ్చాయట గానీ, ఒక్క పద్యం దగ్గర ఎన్నిసార్లు నడిపినా గణం తప్పిందట. కారణం తెలిసేసరికి తెల్లారిందట. ఆ కారణమేమిటో చెప్పకుండా వెంటనే చదరంగంలోకి వెళ్ళిపోయావు! ఆ వాక్యం లేకపోతే నీకు ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నువ్వు కనిపించింది అక్కడ ఒక్కచోటే.

తెల్లవార్లూ నిన్ను కూర్చోబెట్టినది ఏమై ఉంటుందా అని నాలో నేనే లెక్కలు వేసుకున్నాను. 'లక్ష్మి' అన్న మాట తీసుకో. మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే యూనికోడ్‌లో ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యంత్రాన్ని పొడవెంత అని అడిగితే ఏడంటుంది. ఛందస్సులో చూస్తే 'ల' ఒంటరిగా లఘువే, కానీ తర్వాత సంయుక్తాక్షరం ఉంది కాబట్టి గురువవుతుంది. ఇంతవరకు ఎవరైనా ఒక పూటలో రాసుకోగలరు. చిక్కల్లా ఆ తర్వాతే. 'వాడు ప్రేమతో' అన్నప్పుడు 'ప్రే' సంయుక్తమే అయినా ముందున్న 'డు' లఘువుగానే ఉంటుంది, ఎందుకంటే అవి విడి మాటలు. 'మాతృప్రేమ' అన్నప్పుడు అదే 'ప్రే' ముందున్న 'తృ' గురువైపోతుంది, అది సమాసం కనక. ఏది సమాసమో ఏది విడి మాటో అక్షరాల్లో రాసి ఉండదు. వ్యాకరణం తెలిసిన మనిషి చెప్పాలి. నీ పద్యం తప్పింది ఇక్కడేనని నా అనుమానం. ఇది కాకపోతే ఇంకోటి. ఏదైనా సరే, దాన్ని రాయి. ప్రోగ్రామింగూ వ్యాకరణమూ ఛందస్సూ మూడూ ఒకే పాదంలో ఢీకొన్న రాత్రి అది. దాన్ని ఒక్క వాక్యంలో చుట్టేసి పక్షుల గురించి ఒక పేజీ రాయడానికి నీకు మనసెలా ఒప్పింది?

నా నమ్మకం ఒక్కటే, ఎప్పట్నుంచో ఇదే చెబుతున్నాను. ఎవరైనా తమని తాము పరిచయం చేసుకోవాలంటే ఏమేం ఇష్టమో చెప్పకూడదు. చేసిన పని ఒకటి చూపించాలి, అది ఎక్కడ మొరాయించిందో అక్కణ్ణుంచి చూపించాలి. పని కనపడితే మనిషి తనంతట తనే కనపడతాడు.

నీ జాబితాలో గణితం మొదట ఉంది, ఛందస్సు ఎక్కడో ఆరోది. ఆ రెండింటికీ చుట్టరికం ఉందని వ్యాసంలో ఎక్కడా లేదు. కందపద్యం గణాలు చూడు: గగ, భ, జ, స, నల. అన్నీ నాలుగేసి మాత్రలు. ఆ ఐదే ఎందుకని ఎప్పుడైనా అనుకున్నావా? లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. నాలుగు మాత్రల్ని వాటితో నింపడానికి ఉన్న దారులు సరిగ్గా ఐదే. ఒక మాత్రకి ఒక దారి, రెండింటికి రెండు, మూడింటికి మూడు, నాలుగింటికి ఐదు, ఐదింటికి ఎనిమిది. ఎందుకలా అంటే, చివరి అక్షరం లఘువైతే మిగిలినవి ఒక మాత్ర తక్కువ, గురువైతే రెండు తక్కువ. ఆ రెండు లెక్కలూ కలిపితే సరి. పెద్ద లెక్కని అదే రకం చిన్న లెక్కల్లోంచి రాబట్టడం, నువ్వు ఉద్యోగంలో రాసే రికర్షన్ ఇదే. జైన పండితుడు హేమచంద్రుడు ఈ లెక్కని 12వ శతాబ్దంలో ఛందస్సు కోసం చెప్పాడు. ఇదే వరస ఇప్పుడు ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచీ పేరు మీద ఉంది, ఆయన తన పుస్తకం రాసింది 1202లో. హేమచంద్రుడు అప్పటికి కొన్ని దశాబ్దాలు ముందున్నాడు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి. తెలిసినవాళ్ళు గణితానికీ ఛందస్సుకీ మధ్య ఒట్టి కామాలు పెట్టి ఊరుకుంటే నాకు బాధేస్తుంది.

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. ఆయన ఇంట్లో పైప్ ఆర్గన్ ఉంది, సంగీతమంటే అంత ఇష్టం. కానీ ఆయన ఎలాంటి మనిషో నాకు అర్థమైంది ఆ ఆర్గన్ వల్ల కాదు. 1977లో తన పుస్తకం కొత్త ముద్రణకి ప్రూఫులొస్తే, అక్షరాలూ సమీకరణాలూ చూసి తట్టుకోలేకపోయాడు. రాస్తున్న పుస్తకాన్ని పక్కన పెట్టి, పేజీలు పేర్చే టెక్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. త్వరగా అయిపోతుందనుకున్న పని దాదాపు పదేళ్ళు పట్టింది. 'ముద్రణ కళ మీద ఆసక్తి' అని ఆయన ఎక్కడైనా ఒక ముక్క రాసి ఊరుకుంటే మనకేం తెలిసేది?

మన కథల సంగతి కూడా చెప్పనీ, చాలాకాలంగా కడుపులో ఉన్న మాట. రైతు కథలో దుక్కి ఉంటుంది, విత్తనం ఉంటుంది, వాన కోసం ఎదురుచూపు ఉంటుంది. నేతపని కథలో మగ్గం చప్పుడు వినపడుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మాత్రం ల్యాప్‌టాప్ తెరుస్తాడు, టెన్షన్ పడతాడు, మూస్తాడు. తెరిచినప్పటికీ మూసినప్పటికీ మధ్య ఏం చేశాడో కథలో ఉండదు. రాసేవాళ్ళకి తెలియక కాదు, చాలామంది ఆ ఉద్యోగమే చేస్తున్నారు. పాఠకులకి ఎక్కదని ఎడిటర్లు వాళ్ళని భయపెట్టేశారు.

నాకూ ఆ అనుభవం ఉంది. అప్పట్లో నేను కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష‌లో పింఛన్ల లెక్కలు చూసేవాణ్ణి. ఫైళ్ళలో సంవత్సరానికి రెండంకెలే, చోటు ఆదా కోసం. దాని మీద ఒక కథ రాశాను. 1899లో పుట్టిన ముసలావిడకి 1999లో వయసు కడితే తొంభైతొమ్మిదిలోంచి తొంభైతొమ్మిది పోయి సున్నా వస్తుంది. పుట్టీపుట్టని పసిపాపకి పింఛనేమిటని ప్రోగ్రామ్ ఆపేస్తుంది. ఆవిడ కౌంటర్ ముందు నిలబడి ఉంటుంది, గుమాస్తా కాగితం చూస్తూ ఉంటాడు. ఒక పెద్ద పత్రిక నుంచి జవాబొచ్చింది: మానవీయ కోణం బాగుంది, కంప్యూటర్ భాగం తీసేసి పంపండి. కంప్యూటర్ భాగం తీసేస్తే ఆవిడ ఆ కౌంటర్ దగ్గర ఎందుకు నిలబడిందో ఎవరికి తెలుస్తుంది? నేను ఒక్క అక్షరం మార్చలేదు. కథ చాలాకాలం సొరుగులో పడి ఉండి, చివరికి ఒక చిన్న పత్రికలో వచ్చింది. దాని మీద నాకొచ్చిన ఉత్తరాలన్నీ ఆ రెండంకెల గురించే. పాఠకులకి ఏం ఎక్కుతుందో ఎడిటర్ల కంటే పాఠకులకే బాగా తెలుసు. ఆ పెద్ద పత్రిక మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మళ్ళీ నీ వ్యాసానికొస్తాను. పద్యం తప్పిన రాత్రితో మొదలుపెట్టు. ఆ పాదం మొత్తం రాయి, గురులఘువులు గుర్తులతో సహా. ప్రోగ్రామ్ ఏం చెప్పిందో, చెవికి ఏం వినపడిందో పక్కపక్కన పెట్టు. ముందు ఎవర్ని అనుమానించావు, నీ కోడ్‌నా, అచ్చు తప్పునా, కవినా? ఆ క్రమం చెప్తే చాలు, నువ్వు ఎలా ఆలోచిస్తావో తెలిసిపోతుంది. 'జిజ్ఞాస', 'తపన', 'అన్వేషణ' అనే మాటలు నీ మూడు పేజీల్లో చాలాచోట్ల దొర్లాయి, అన్నీ కొట్టెయ్. చదరంగమూ ఖగోళమూ ఈ వ్యాసంలో అక్కర్లేదు. వాటితో కూడా ఎప్పుడో ఒకప్పుడు నిద్ర పాడైతే అప్పుడు వేరే రాసుకో. పక్షుల పేజీలో ఒక్క పక్షి పేరు కూడా లేదు, అది గమనించావా?

భాష బాగుంది. వాక్యాలు పొట్టిగా, నిబ్బరంగా ఉన్నాయి. ప్రోగ్రామింగ్ మాటల్ని తెలుగు చెయ్యాలా వద్దా అని అడిగావు. ఆఫీసులో పక్క సీటు వాళ్ళతో ఎలా అంటావో అలాగే రాయి. కలం పేరు గురించి తర్వాత మాట్లాడుకుందాం.

నిడివి ఎంత ఉండొచ్చని కూడా అడిగావు. ఆ పద్యం సంగతి పూర్తయ్యేదాకా రాయి, నాలుగు పేజీలైనా ఆరు పేజీలైనా సరే. ఎక్కడికైనా పంపేముందు నాకొకసారి చూపించు. ఎడిటర్ ఎవరైనా చోటు చాలదంటే నీ చదువు, ఉద్యోగం ఉన్న పేరాలు కోసుకోమను. గణాలున్న పేరా మాత్రం ముట్టుకోనివ్వకు.