హోమ్‌స్కూలింగ్‌లో టర్మ్ మొదటి వారం ఎలా గడుస్తుంది? మా ఇంటి అనుభవం

మీకు ఇద్దరు పిల్లలు, బాబుకు 7 ఏళ్లు, పాపకు 11 అన్నారు. ఈ ఏడాదే బడి మాన్పించి ఇంట్లో చదివిస్తున్నారు. టర్మ్ మొదలైన మూడో రోజుకే టైంటేబుల్ తలకిందులైంది, తప్పు మీదో పిల్లలదో తెలియక టెన్షన్‌గా ఉంది, అసలు రోజుకు ఎన్ని గంటలు చదివించాలి అని అడిగారు.

చాలావరకు తప్పు టైంటేబుల్‌దేనండి. మాకిది నాలుగో ఏడాది. ముగ్గురు పిల్లలు: పెద్దమ్మాయికి 13, రెండోవాడికి 9, చిన్నదానికి 5. మొదటి ఏడాది మా టైంటేబుల్ రెండు రోజులు కూడా నిలబడలేదు. ఉదయం 8కి లెక్కలు, 8:45కి ఇంగ్లీషు, 9:30కి సైన్సు, ఇలా మధ్యాహ్నం 3 దాకా గళ్లు గీసి, రంగులు వేసి గోడకు అంటించాను. సోమవారం ఎలాగో నెట్టుకొచ్చాం. మంగళవారం 9 గంటలకు రెండోవాడు తీసివేత దగ్గర ఆగిపోయి నన్ను పిలిచాడు. అదే నిమిషంలో పెద్దది వ్యాసం ఎలా మొదలుపెట్టాలని అడిగింది. అప్పటికి చిన్నదానికి రెండేళ్లు, ఒళ్లోంచి దిగనంది. ముగ్గురికీ నేనే కావాలి, నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక చాలాసేపు ఏడ్చాను.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. నేను గీసింది బడి టైంటేబుల్. బడిలో ఒకే వయసు పిల్లలందరికీ ఒక టీచరు ఒక పాఠం చెబుతారు. ఇంట్లో ఒక మనిషి మూడు తరగతులు నడపాలి, మధ్యలో వంట, బట్టలు, ఫోన్లు కూడా చూసుకోవాలి. అందుకే ఇప్పుడు ఏ గంటకు ఏ సబ్జెక్టు అని రాయను. ప్రతి పనికీ ఒకటే ప్రశ్న వేసుకుంటాను: దీనికి నేను పక్కన కూర్చోవాలా, అక్కర్లేదా? రెండోవాడి లెక్కలకు నేను కావాలి. అదే సమయంలో పెద్దమ్మాయికి సొంతంగా చదువుకునే పని ఇస్తాను, చిన్నదానికి మట్టిముద్దో, బిల్డింగ్ బ్లాకులో ఇస్తాను. పెద్దమ్మాయి వ్యాసానికి నేను కావాల్సినప్పుడు రెండోవాడు చేతిరాత రాసుకుంటాడు. ఇద్దరికీ నేను అవసరమయ్యే పనులు ఒకేసారి పడకుండా చూసుకుంటే సగం గొడవ తగ్గింది.

ఇంకో మార్పు, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది: మొదటి వారంలో అన్ని సబ్జెక్టులూ మొదలుపెట్టం. సోమవారం రెండే ఉంటాయి, అందరం కలిసి చదువుకోవడం, లెక్కలు. మంగళవారం భాష చేరుతుంది. బుధవారం సైన్సు. గురువారం చరిత్ర, బొమ్మలు, సంగీతం లాంటివి. కొత్త పాఠాలు మొదలయ్యేది రెండో వారంలోనే. వారం వృథా అవుతుందేమో అని నాకూ భయం ఉండేది. కానీ అన్నీ ఒకేసారి మొదలుపెట్టిన మొదటి ఏడాది మూడు వారాలు పోయాయి.

ఆదివారం సాయంత్రం ఒక్కో బిడ్డకు ఒక్కో బుట్టలో ఆ వారానికి కావాల్సిన పుస్తకాలు, నోట్లు, పెన్సిళ్లు సర్దుతాం. ఆన్‌లైన్ క్లాసు ఉంటే లింకు, పాస్‌వర్డు అప్పుడే ఒకసారి తెరిచి చూస్తాం. ఒక సోమవారం ఉదయమంతా పాస్‌వర్డు వెతుక్కోవడంతోనే సరిపోయింది.

సోమవారం లెక్కల్లో కొత్త పాఠం ఉండదు. పోయిన టర్మ్‌లో చేసినవాటిలోంచి ఓ పది లెక్కలు ఇస్తాను, మార్కులు వేయను. ఈసారి రెండోవాడు 612ను 6తో భాగించి 12 అని రాశాడు. పోయిన టర్మ్‌లో ఇలాంటివి చకచకా చేసినవాడే. "ఇది మర్చిపోయావా?" అనే మాట నోటిదాకా వచ్చి ఆపుకున్నాను. "600ను ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి ఎంత?" అని అడిగాను. వంద అన్నాడు. కాసేపు తన నోటుబుక్కు వంకే చూసి, "అయితే 12 ఎలా వస్తుంది?" అని తనే అన్నాడు. పదుల స్థానంలో 1ని 6తో భాగించలేం కాబట్టి అక్కడ సున్నా వేయాలి, వాడు ఆ సున్నా వదిలేశాడు. 102 అని దిద్దుకున్నాక అలాంటివే మూడు చేశాడు, మూడూ సరిగ్గా వచ్చాయి. మొత్తం పావుగంట పట్టింది.

సెలవుల తర్వాత పిల్లలు మర్చిపోయారని కంగారుపడొద్దండి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల వరుసలు తనే కంఠస్థం చేసి, తన మరుపును తనే కొలుచుకుని 1885లో ప్రచురించాడు. మరుపు మొదట్లో వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఆయన కొలిచిన పద్ధతిలోనే మనకు ధైర్యమిచ్చే విషయం ఉంది: ఒకసారి నేర్చుకున్నదాన్ని మళ్లీ నేర్చుకోవడానికి ఎంత సమయం ఆదా అవుతుందో చూశాడు. పూర్తిగా పోయిందనిపించినది కూడా రెండోసారి త్వరగా వస్తుంది. మా వాడి సున్నా పావుగంటలో తిరిగొచ్చింది అందుకే. అది తెలిశాక సోమవారాలు నా గొంతు పెరగడం తగ్గింది.

కలిసి చదువుకోవడం అంటే నేను గట్టిగా చదువుతాను, ముగ్గురూ వింటారు. తర్వాత ఒకరు విన్నది సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. బ్రిటన్‌కు చెందిన విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842–1923) ఈ పద్ధతిని బాగా ప్రచారం చేసింది. చిన్నపిల్లలకు పాఠాలు పొట్టిగా ఉండాలని కూడా ఆమే గట్టిగా చెప్పింది. తిరిగి చెప్పించడం పనిచేస్తుందా అనే అనుమానం నాకుండేది. 2006లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగం గురించి చదివాక ఆ అనుమానం పోయింది. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. రెండు రోజులకు, వారానికి పెట్టిన పరీక్షల్లో మాత్రం పుస్తకం మూసి గుర్తు చేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. అయితే మొదటి వారంలో తిరిగి చెప్పమంటే పిల్లలకు మాట రాదు. మావాడు రెండు వాక్యాలు చెప్పి ఆగిపోతాడు. ఆ రెండూ చాలంటాను. నెల తిరిగేసరికి ఆపమన్నా ఆపడు.

మంగళవారం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చిన్నదానికి పది నిమిషాలు గుణింతాలు, రెండోవాడికి చేతిరాత, పెద్దమ్మాయికి ఒక పేరా. ఆ రోజు రాసిన కాగితాలు మాత్రం తేదీ వేసి దాచండి. ఎందుకో తర్వాత చెబుతాను.

బుధవారం మా ఇంట్లో అందరికీ ఇష్టమైన రోజు. ముగ్గురికీ మూడు సైన్సు పాఠాలు చెప్పే ఓపిక నాకు లేదు, అవసరమూ లేదు. ఒకే ప్రయోగంలో ఎవరి వయసుకు తగ్గ పని వాళ్లకు ఇస్తాను. ఈసారి లోలకం చేశాం. దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీశాం. కట్టిన చోటు నుంచి నట్టు మధ్యకు సరిగ్గా మీటరు ఉండాలి. కొంచెమే పక్కకు లాగి వదలాలి. చిన్నది ఊపులు లెక్కపెట్టింది, అటూ ఇటూ వెళ్లి తిరిగొస్తే ఒకటి. రెండోవాడు స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు. పెద్దమ్మాయి పట్టిక రాసింది. పది ఊపులకు దాదాపు 20 సెకన్లు వచ్చింది. బరువు పెంచితే త్వరగా ఊగుతుందని రెండోవాడు పందెం కాశాడు. రెండు నట్లు కట్టినా అదే 20. మూడు కట్టించాడు, అప్పుడూ అంతే. వాడి ముఖంలో ఆశ్చర్యం చూడాల్సిందే. తర్వాత దారాన్ని 25 సెంటీమీటర్లకు తగ్గిస్తే పది సెకన్లకు దిగింది. పొడవు నాలుగో వంతైతే సమయం సగమే ఎందుకైంది అని పెద్దమ్మాయి పట్టిక ముందు కూర్చుని వర్గమూలం దాకా వెళ్లింది. చిన్నదానికి ఆ రోజు దక్కింది పది వరకు తప్పకుండా లెక్కపెట్టడం, అదీ దానికి పాఠమే. మీ పిల్లలిద్దరికీ ఈ ప్రయోగం సరిగ్గా సరిపోతుంది.

గురువారం పిల్లలు అలసిపోయి ఉంటారు. పోయిన టర్మ్ మొదటి గురువారం పెద్దమ్మాయి గది తలుపు వేసుకుని, "కాసేపు నన్నెవరూ ఏమీ అడగొద్దు" అంది. చదువు భారమైందేమో అనుకున్నాను. సాయంత్రం పక్కన కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. నేను రెండోవాడికి లెక్కలు చెప్పే ప్రతిసారీ చెల్లెలు దాని దగ్గరికే వెళుతోంది. "నేను చదువుకుంటున్నానని నీకు గుర్తే లేదు కదమ్మా" అంది. సొంతంగా చదువుకునే సమయమని నేను రాసినదంతా నిజానికి చెల్లెల్ని చూసుకునే సమయమైంది. అది నా పొరపాటు, దాని దగ్గర ఒప్పుకున్నాను. ఇప్పుడు చెల్లెలితో రోజుకు 20 నిమిషాలు, అదీ పెద్దమ్మాయిని అడిగాకే. మిగతా సమయంలో చిన్నది నా పక్కనే ఉంటుంది. మీ పాపకు 11 ఏళ్లు కాబట్టి తమ్ముడి పని తెలియకుండానే తన మీద పడుతోందేమో ఒకసారి చూడండి. ఇలాంటివి పిల్లలు నోరు తెరిచి చెప్పరు.

గురువారం మొదలయ్యే సబ్జెక్టులకు వరుస ఉంటుంది కానీ ఫలానా రోజు అని ఉండదు. చరిత్ర, భూగోళం, బొమ్మలు, సంగీతం అని ఒక కాగితం మీద రాసి ఉంటాయి. ఈ రోజు రెండు అయితే, మళ్లీ వీలు దొరికినప్పుడు మూడోదాని నుంచి మొదలవుతుంది. జ్వరం వచ్చినా, చుట్టాలొచ్చినా ఏదీ వెనకబడినట్టు కాదు.

శుక్రవారం సగం రోజే. మిగిలిపోయినవి పూర్తి చేసి, రికార్డు రాస్తాం: తేదీ, ఏం చదివాం, ఎంతసేపు, అంతే. రికార్డుల నియమాలు చోటును బట్టి మారతాయి, మీ దగ్గర ఏం అడుగుతారో టర్మ్ మొదట్లోనే కనుక్కోండి. అడిగినా అడగకపోయినా మంగళవారం దాచమన్న కాగితాలు ఈ ఫైల్లోకి వెళ్లాలి. టర్మ్ మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి వాటి పక్కన పెట్టండి. "మనవాళ్లు ఏమీ నేర్చుకోవట్లేదు" అనే దిగులు ప్రతి టర్మ్‌లో ఒకసారైనా వస్తుంది. అప్పుడు ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

శనివారం పెద్దమ్మాయికి బీజగణితం మావారు చెబుతారు. ఆ గంట నేను ఇంట్లో ఉండను, ఒక్కదాన్నే నడవడానికి వెళ్తాను. టైంటేబుల్‌లో నా పేరుతో ఉన్న గడి అదొక్కటే, ఏ వారమూ దాన్ని వదులుకోను. మీరూ అలాంటిది ఒకటి పెట్టుకోండి, పిల్లల చదువు అంతా మీ ఓపిక మీదే నడుస్తోంది కాబట్టి.

ఇక గంటల సంగతి. బడిలో ఆరేడు గంటలంటే హాజరు, బెల్లులు, తరగతి మారడం, అందరూ పూర్తి చేసేదాకా ఆగడం అన్నీ కలిపి. ఇంట్లో అంత పట్టదు. మా చిన్నదానికి కూర్చోబెట్టి చెప్పేది ముప్పావుగంట, అదీ ముక్కలు ముక్కలుగా. రెండోవాడికి రెండున్నర గంటలు. పెద్దమ్మాయికి నాలుగు, అదీ 9:30 తర్వాతే. యుక్తవయసులో నిద్ర వేళ ఆలస్యమవుతుంది, పెద్ద పిల్లల బడులు ఉదయం 8:30 కన్నా ముందు మొదలుకాకూడదని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2014లోనే సూచించింది. మీ బాబుకు గంటన్నర నుంచి రెండు, పాపకు మూడు గంటలతో మొదలుపెట్టండి. ఈ వారం అందులో సగం జరిగినా నేనైతే కంగారుపడను. బడి నుంచి ఇప్పుడే వచ్చిన పిల్లలు, బెల్లు లేకుండా కూర్చోవడం అలవాటు కావడానికి మా పెద్దమ్మాయికి రెండు నెలలు పట్టింది.