టెక్ సందేహాలు: వైపర్ మొరాయిస్తే తాళాల గుత్తి అప్పగించాలా?

ప్రశ్న: కారు లాక్ చేసిన కాసేపటికి వైపర్లు వాటంతట అవే తిరుగుతున్నాయి. డోర్ లాక్ ఒక్కోసారి పడదు. ఎడమవైపు ఇండికేటర్ టకటకా కొట్టుకుంటోంది. స్కానర్‌లో యూ0140 కోడ్ వచ్చింది. లైట్లు, వైపర్లు, లాకులు నడిపే కంప్యూటర్ పెట్టె, అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్ (బీసీఎం) పోయిందంటున్నారు. అదే మోడల్ కారులోంచి తీసిన పాతది దొరికింది. బిగిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. చాలా కార్లలో అలా బిగిస్తే ఇంజిన్ కూడా స్టార్ట్ కాదు. ఈ ప్రశ్న మాటలు మార్చుకుని పదే పదే వస్తోంది. ప్రతిసారీ ‘బీసీఎం పోయింది’ అన్న తీర్పు సిద్ధంగా ఉంటుంది, విచారణే ఉండదు.

మీరు చెప్పినవాటిలో ఒకటి అసలు జబ్బే కాదు. 21 వాట్ల ఇండికేటర్ బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటు పోకపోతే, బల్బు మాడిందని మీకు తెలియజేయడానికే ఆ వేగం. బల్బు మాడైనా ఉండాలి, లేదా ఎవరో దాని బదులు ఎల్‌ఈడీ పెట్టైనా ఉండాలి. మీ మాడ్యూల్ బతికే ఉందనడానికి అదొక సాక్ష్యం. యూ0140 కూడా బీసీఎం పోయిందని చెప్పదు. ‘బీసీఎం పలకడం లేదు’ అని వేరే మాడ్యూల్ పెట్టుకున్న ఫిర్యాదు అది. పలకకపోవడానికి వైరు తెగినా చాలు, ఎర్త్ వదులైనా చాలు.

ముందు మల్టీమీటర్ తీయండి. కారు ఆపి కొన్ని గంటలు వదిలేశాక బ్యాటరీలో 12.6 వోల్టులు ఉండాలి. 12.4 కంటే తక్కువుంటే చార్జ్ చేశాకే మిగతా పరీక్షలు. లైట్లు, బ్లోయర్ వేసి, బీసీఎం ఎర్త్ పిన్‌కీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య వోల్టేజి కొలవండి. 0.2 దాటితే దోషం ఎర్త్‌ది. తర్వాత బ్యాటరీ తీసేసి, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్ల మధ్య, అంటే మాడ్యూళ్లు మాట్లాడుకునే క్యాన్ లైన్ రెండు వైర్ల మధ్య, నిరోధం చూడండి. చాలా కార్లలో 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే, లైన్ రెండు చివర్లలో ఉండే 120 ఓమ్‌ల నిరోధాల్లో (టెర్మినేటర్లు) ఒకదాని దారి తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి.

ఇక నీళ్లు. వాటంతట అవే తిరిగే వైపర్లు, పడీ పడని లాకులు కలిసి కనిపిస్తే నా అనుమానం ముందు అటే పోతుంది. సన్‌రూఫ్ నీళ్లు పోయే గొట్టం పూడుకుపోయినా, ముందు అద్దం అంచు కారుతున్నా ఆ తడి డాష్‌బోర్డు కిందకే దిగుతుంది. కనెక్టర్లు ఊడదీసి పిన్లపై పచ్చటి చిలుము ఉందేమో చూడండి. కారే చోటు మూయకుండా మాడ్యూల్ మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

స్విచ్ నొక్కినట్టు స్కానర్‌లో కనిపిస్తోంది, పవర్, ఎర్త్ బాగున్నాయి, స్కానర్‌తో ఆజ్ఞ ఇచ్చినా అవుట్‌పుట్ పిన్‌కి వోల్టేజి రావడం లేదు. ఇలా తేలినప్పుడే బీసీఎం దోషి. అప్పుడు కూడా ఒక మెలిక ఉంది. కొన్ని మాడ్యూళ్లు ఒకే లైన్లో పదేపదే షార్ట్ అయితే లెక్కపెట్టుకుని ఆ అవుట్‌పుట్‌ను మూసేస్తాయి. అదనపు లైట్లకు ఆ వైరుకే కోత పెట్టి కలిపారేమో చూడండి.

నిజంగా మార్చాల్సి వస్తే, పాతది విప్పకముందే దాని కోడింగ్, అంటే ఆ కారులో ఏమేం ఉన్నాయో రాసిన సెట్టింగులు, చదివి దాచుకోవాలి. దాంతో ఇంకా మాట్లాడగలిగితేనే ఇది వీలవుతుంది. ‘పనిచేస్తుందో లేదో చూద్దాం’ అని పక్క కారు మాడ్యూల్ పెట్టొద్దు. కొన్ని రకాలు ఆ ఒక్క ప్రయత్నంతోనే పెట్టిన కారు వీఐఎన్‌కి (బండి గుర్తింపు సంఖ్యకి) ముడిపడిపోతాయి. ప్రోగ్రామింగ్ నడిచేంతసేపూ వోల్టేజి 13కి తగ్గకుండా స్థిరమైన సప్లై ఉండాలి. మామూలు చార్జర్ ఇచ్చే ఎగుడుదిగుడు కరెంటు మధ్యలో రాతను చెడగొట్టగలదు. ముందు వీఐఎన్, తర్వాత కోడింగ్, ఆపైన సరైన తాళం లేనిదే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్‌తో జత కలపడం, చివరికి తాళాలు. చాలా కార్లలో పాత తాళాలన్నీ చెరిపి కొత్తగా నమోదు చేస్తారు. అందుకే ఇంట్లో ఉన్న ప్రతి తాళమూ అక్కడుండాలి. పవర్ విండోలకు మళ్లీ పై హద్దు నేర్పాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ తాళాల పనే. చాలా కార్లలో ఇమ్మొబిలైజర్ రహస్యాలు బీసీఎం మెమరీ చిప్‌లోనే ఉంటాయి. ‘కోడింగ్ అక్కర్లేదు, పాత చిప్‌లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కిస్తాం’ అని చేసే క్లోనింగ్ పనిచేస్తుంది, కాదనను. కానీ ఆ ఫైల్ మిగిలేది ఎవరి ల్యాప్‌టాప్‌లో? యాంటీవైరస్ ఆపితే తప్ప నడవని క్రాక్ సాఫ్ట్‌వేర్ ఉన్నదాంట్లో. దాంతో మీ కారుకి ఇంకో తాళం తయారు చేయొచ్చు. క్లోన్ చేస్తే పోగొట్టుకున్న పాత తాళం కూడా చెల్లుతూనే ఉంటుంది.

కాబట్టి పని అయ్యాక స్కానర్‌లో నమోదైన తాళాల సంఖ్య అడగండి. మీ చేతిలో రెండుంటే అక్కడా రెండే కనిపించాలి. మూడు కనిపిస్తే అన్నీ చెరిపించి మళ్లీ నమోదు చేయించండి. తీసేసిన మాడ్యూల్‌ను అక్కడ వదలకుండా వెంట తెచ్చుకోండి.

ఇంతకీ వైపర్లు తిప్పే పెట్టెలోనే ఇంజిన్ తాళం రహస్యం ఎందుకుండాలి? పొగ తనిఖీ కోసం 1996లో అమెరికాలో తప్పనిసరి చేసిన ఓబీడీ సాకెట్ ఇవాళ కొత్త తాళాలు పుట్టించే ద్వారమైంది. క్యాన్ లైన్లో మామూలుగా సందేశానికి గుర్తింపు సంఖ్య ఉంటుందే తప్ప, అది ఎవరు పంపారో రుజువు ఉండదు. కొందరు తయారీదారులు దీనికి వేసిన కట్టడి ఏమిటంటే, తమ సర్వర్ అనుమతి లేకుండా మాడ్యూల్ మార్చనివ్వకపోవడం. దొంగ దగ్గర సాధనం ఉంటుంది. ఆగిపోయేది బండి యజమానే.

ప్రశ్న: కొత్త బీసీఎం వేయించాక తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతోంది. ఇది కూడా చెడిపోయిందా?

జవాబు: బహుశా మాడ్యూళ్లు నిద్రపోవడం లేదు, అంటే కారు ఆపాక కూడా కరెంటు లాగుతూనే ఉన్నాయి. బానెట్ తెరిచి, దాని లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు చేయండి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య ఆంపియర్లు కొలిచేలా మీటర్ పెట్టి, కారు లాక్ చేసి కనీసం అరగంట ఆగండి. కొన్ని కార్లకు గంట పడుతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపుకు దిగకపోతే కోడింగ్‌పై అనుమానపడొచ్చు. కారులో లేని పరికరం ఉన్నట్టు రాసి ఉంటే మాడ్యూల్ దాన్ని పిలుస్తూనే ఉండొచ్చు. అంతకన్నా ముందు ఓబీడీ సాకెట్ చూడండి. అక్కడ బ్లూటూత్ డాంగిల్ (ఫోన్‌కి కారు వివరాలు పంపే చిన్న పరికరం) ఉంటే పీకేసి మళ్లీ కొలవండి. వాటిలో చాలావాటికి పాస్‌వర్డ్ 1234 లేదా 0000. దాన్ని తిరిగి పెట్టకండి.