గొట్టం తెగిన టెంపరేచర్ మీటరుని పారేయకండి

మీ నాన్నగారి విల్లీస్ జీపులో టెంపరేచర్ మీటరు ముల్లు లేవట్లేదని, ఇంజిన్ దింపినప్పుడు వెనకాల సన్న గొట్టం తెగిందని, బెంగళూరులో మెకానిక్ ఎలక్ట్రిక్ మీటరు పెట్టేద్దాం అంటున్నాడని రాశారు. దయచేసి ఒప్పుకోకండి. చెన్నైలో మా మామయ్య 1944 జీపుకి ఇదే పని నా చేతులతో చేశాను. మొదటిసారి చెడింది, రెండోసారి కుదిరింది.

తెగింది గొట్టమే గాని మీటరు కాదు. ఇంజిన్ హెడ్‌లో (పై భాగంలో) కూర్చునే బల్బులో, అంటే గొట్టం చివర ఉన్న చిన్న లోహపు గుళికలో, కాస్త ఈథర్ అనే ఇట్టే ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. అది వేడెక్కితే ఆవిరి ఒత్తిడి పెరిగి, సన్న గొట్టం గుండా వచ్చి, మీటరు లోపల కొడవలిలా వంగి ఉన్న చదును గొట్టాన్ని కొద్దిగా విప్పుతుంది. ముల్లుని తిప్పేది ఆ కదలికే. ఫ్రాన్సులో బూర్డాన్ 1849లో పేటెంటు తీసుకున్న గొట్టం ఇది. ఇందులో కరెంటు పనేమీ లేదు కాబట్టి తాళం తీసేశాక కూడా చూపిస్తుంది. ఎండలో బండి ఆపిన తర్వాత హెడ్‌లో వేడి ఇంకా ఎంత పైకి పోతోందో నేను రోజూ చూస్తాను. ఎలక్ట్రిక్ మీటరు పెడితే అది పోతుంది.

కావలసింది ఈథర్ ఉన్న ఇంకో బల్బు, దాని గొట్టం. నాకు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ఒక ట్రాక్టరు మీటరు దొరికింది. కొనేముందు బల్బుని వేడినీళ్లలో ముంచి ముల్లు లేస్తుందో లేదో చూసుకోండి. బల్బు మీ హెడ్‌లో పట్టేదై ఉండాలి.

ఇక అసలు పని. ఫ్లాస్కులో దంచిన ఐసు, రాళ్ల ఉప్పు కలిపి, ట్రాక్టరు బల్బుని అందులో అరగంట ఉంచాలి. ఈథరంతా చల్లబడి బల్బులోకి చేరుతుంది, గొట్టంలో ఒత్తిడి ఉండదు. అప్పుడే కొయ్యాలి. కటింగ్ ప్లయరు పెడితే సందు నలిగి మూసుకుపోతుంది. సన్న ఆకురాయితో చుట్టూ గీత పెట్టి విరవాలి. ట్రాక్టరు బల్బు గొట్టం కొసనీ, మీ పాత మీటరు నుంచి వచ్చే గొట్టం కొసనీ ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్ది, రెండిటినీ కలిపి, పైన అంగుళం పొడవు ఇత్తడి గొట్టం తొడిగి, దాని రెండు అంచుల దగ్గరే సోల్డరు వెయ్యాలి. ఎక్కువ వేస్తే సీసం లోపలికి పాకి సందు మూసేస్తుంది. అతుకు చల్లారేదాకా బల్బు ఐసులోంచి బయటికి రాకూడదు.

నేను చెడగొట్టింది అక్కడే. ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. నేను కూర్చున్నది మే నెల మధ్యాహ్నం, ఐసు కాస్తే తెచ్చుకున్నాను. సోల్డరింగ్ సగంలో ఉండగా అది కరిగిపోయింది, కొసలోంచి బుస్సుమని ఈథరంతా పోయింది. రెండోసారి తెల్లవారుజామున ఐదింటికి, రెండు కిలోల ఐసుతో మొదలుపెట్టాను.

దయచేసి ఒక్క మాట గట్టిగా వినండి: గ్యాస్ టార్చి వద్దు, ఎలక్ట్రిక్ సోల్డరింగ్ ఐరన్ చాలు. అదైనా ఆరుబయటే. ఈథర్ ఆవిరి గాలికన్నా బరువు, నేలమీద పాకుతూ పోయి ఎక్కడో ఉన్న మంటని అందుకుంటుంది. ఆ రోజు మా ఇంట్లో పూజగదిలో దీపం కూడా వెలిగించనివ్వలేదు.

అతుకయ్యాక బల్బుని థర్మామీటరుతో పాటు నీళ్లలో ఉంచి, 60, 82 సెల్సియస్ డిగ్రీల దగ్గర (అంటే 140, 180 ఫారన్‌హీట్), మరిగేటప్పుడు ముల్లు ఎక్కడుందో రాసుకోండి. మా చెన్నైలో నీళ్లు మరిగేది 100 దగ్గర, అంటే 212 ఫారన్‌హీట్. మీ బెంగళూరు ఎత్తుకి 97 దగ్గరే మరుగుతాయి, అంటే 207. అది మరిచి ముల్లుని 212కి జరిపితే మీటరు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. అన్నిచోట్లా తేడా ఒకేలా ఉంటే ముల్లుని లాగి మళ్లీ సరిగ్గా నొక్కండి. ఒక్కోచోట ఒక్కోలా ఉంటే ఆ బల్బులో ఉన్నది వేరే ద్రవం, ఇంకో మీటరు వెతుక్కోవాలి.

బిగించేటప్పుడు నట్టు ఒక్కటే తిరగాలి, బల్బు తిరగకూడదు. బల్బుతో పాటు గొట్టం మెలిపడి తెగడం నేను చాలా జీపుల్లో చూశాను. ఇంజినుకీ బాడీకీ మధ్య గొట్టాన్ని రెండు చుట్లు చుట్టి వదలండి, ఇంజిన్ ఊగినా లాగదు. ఫైర్‌వాల్ (ఇంజినుకీ డ్రైవరుకీ మధ్య ఉన్న రేకు) రంధ్రంలో కొత్త రబ్బరు గ్రోమెట్ (అంచు గొట్టాన్ని కొయ్యకుండా ఉండే వలయం) వెయ్యండి.