అమ్మాయ్, అసెంబ్లీకి వెళ్ళు గానీ బెంచి దారి మూసుకోకు

అమ్మాయ్,

నీ మెసేజ్ చదివాను. పార్టీవాళ్ళు టికెట్ ఇస్తామంటున్నారు, కానీ ఎప్పటికైనా హైకోర్టు జడ్జి అవ్వాలని ఉంది మావయ్యా, రెండూ కుదురుతాయా అని అడిగావు కదా. కుదురుతాయి. కాకపోతే ఏది ముందు ఏది తర్వాత అన్నదాన్లోనే ఉంది అంతా. అసెంబ్లీ ముందు, బెంచి తర్వాత అయితే బార్లో తోటి లాయర్లు కొన్నాళ్ళు గొణుక్కుని ఊరుకుంటారు, అదే బెంచి దిగి నేరుగా సభకి వెళ్తే మాత్రం అప్పటిదాకా నువ్వు రాసిన తీర్పులన్నీ బయటికి తీసి మళ్ళీ చదువుతారు. బహరుల్ ఇస్లాం గారు రాజ్యసభ నుంచి గౌహతి హైకోర్టుకి జడ్జిగా వెళ్ళారు, ఆ తర్వాత సుప్రీంకోర్టు, 1983లో రాజీనామా చేసి మళ్ళీ రాజ్యసభ. ఆయన పేరెత్తితే ఇప్పటికీ లాయర్లు మాట్లాడేది ఆ రాజీనామా గురించే.

నువ్వు చూడాల్సింది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ గారిని. తలశ్శేరిలో ప్రాక్టీసు, 1952లో మద్రాసు అసెంబ్లీ, 1957లో నంబూద్రిపాద్ గారి కేబినెట్లో మంత్రి, 1959లో ఆ ప్రభుత్వాన్ని రద్దు చేశాక మళ్ళీ నల్లకోటు వేసుకుని కోర్టుకొచ్చేశారు, కేరళ హైకోర్టు జడ్జి అయింది 1968లో. అంటే మంత్రి కుర్చీకీ జడ్జి కుర్చీకీ మధ్య కొన్నేళ్ళు మామూలు లాయరుగా అందరి ముందూ నిలబడి వాదించారన్నమాట. ఆ గ్యాప్ నీకూ ఉండాలి, ఓడిపోతే ఎలాగూ ఉంటుందనుకో. తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు, 1975 జూన్ 24న ఇందిరాగాంధీ కేసు ఆయన ముందుకొస్తే, ఆమె ఎన్నిక చెల్లదన్న అలహాబాద్ హైకోర్టు తీర్పు మీద పూర్తి స్టే ఇవ్వకుండా ప్రధానిగా కొనసాగొచ్చు, సభలో ఓటు మాత్రం వేయకూడదని షరతు పెట్టారు, మర్నాడు రాత్రికి ఎమర్జెన్సీ. జస్టిస్ కె.ఎస్. హెగ్డే గారిదీ అంతే, 1957 దాకా కాంగ్రెస్ తరఫున రాజ్యసభలో ఉన్న మనిషి, తర్వాత సుప్రీంకోర్టు జడ్జిగా, రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదని తేల్చిన కేశవానంద భారతి కేసులో ఆ కాంగ్రెస్ ప్రభుత్వానికే నచ్చని వైపు నిలబడ్డారు, 1973లో సీజేఐ (భారత ప్రధాన న్యాయమూర్తి) పదవికి ఆయన్ని దాటేసి జూనియర్ని కూర్చోబెడితే రాజీనామా చేసి వచ్చేశారు. పాత పార్టీకి వ్యతిరేకంగా రాయగలవా లేదా అన్నదొక్కటే నిన్ను అందరూ చూసే చూపు.

ఇక నీ సంగతి. రాజ్యాంగం ఆర్టికల్ 217 ప్రకారం హైకోర్టు జడ్జికి అడ్వకేట్‌గా 10 ఏళ్ళు ఉండాలి, నీకింకా నిండలేదు. పేరుకి ఎన్‌రోల్ అయి ఉంటే సరిపోదమ్మా, కొలీజియం, అంటే జడ్జీల పేర్లు సిఫార్సు చేసే సీనియర్ జడ్జీల బృందం, దాకా ఫైలు వెళ్తే నువ్వు వాదించిన కేసులేంటి, రిపోర్టయిన తీర్పులెన్ని, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్ ఏంటి అని అన్నీ చూస్తారు, ఐబీ (కేంద్ర ఇంటెలిజెన్స్) వాళ్ళు ఎంక్వైరీ చేస్తారు. అందుకని ఎమ్మెల్యే అయినా ప్రాక్టీసు వదలకు. 2018లో సుప్రీంకోర్టు చెప్పేసింది, ఎమ్మెల్యేలు వకీలుగా కొనసాగొచ్చని. కానీ అప్పుడు నీ దగ్గరికి వచ్చే క్లయింట్లలో సగం మంది లా కోసం రారు, నీ లెటర్‌హెడ్ కోసం వస్తారు, వాళ్ళ వకాల్తా ముట్టుకోకు. పాత సివిల్ అప్పీళ్ళు, సర్వీస్ మేటర్లు (ఉద్యోగుల కేసులు) ఉంటాయి చూడు, వాటిని మాత్రం వాయిదా వాయిదాకీ నువ్వే వెళ్ళి వాదించు, జూనియర్‌ని పంపి పాస్‌ఓవర్ (కేసు కాసేపాగి పిలవమనడం) అడిగించకు.

సభలో ఏం చేయాలంటే, మైకు కోసం కొట్టుకోకు. సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ అడిగి మరీ వేయించుకో, ఎవరూ పోటీకి రారులే, ప్రభుత్వం చేసే రూల్స్ అసలు చట్టం దాటి పోతున్నాయా లేదా చూసే కమిటీ అది, రేపు జడ్జిగా రిట్లు, అంటే ప్రభుత్వం మీద వేసే పిటిషన్లు, వినేటప్పుడు అంతకన్నా పనికొచ్చే ట్రైనింగ్ ఇంకోటి లేదు. బిల్లు వస్తే క్లాజు క్లాజు చదువు. "శాసనసభ ఉద్దేశం" అని కోర్టులో గంటలు గంటలు వాదిస్తాం కదా, సగం ఖాళీ సభలో ఆ బిల్లు ఎన్ని నిమిషాల్లో పాసవుతుందో కళ్ళారా చూస్తే ఆ మాట పలికేటప్పుడు నీకు నవ్వొస్తుంది.

విప్ సంగతి కూడా ముందే తెలుసుకో, రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిషేధం) కింద పార్టీ చెప్పినట్టు ఓటెయ్యకపోతే సీటు పోతుంది, కాబట్టి ఓటు వాళ్ళది, మాట మాత్రం నీది. టీవీ డిబేట్లలో ఏదో ఒక కులాన్నో మతాన్నో అన్న ముక్క ఒక్కటుంటే చాలు, పదేళ్ళ తర్వాత నీ పేరు కొలీజియం ముందుకొచ్చిన రోజున ఆ వీడియో అందరి ఫోన్లలో తిరుగుతుంది.

డబ్బు గురించి ఒక్కమాట. ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, కాగితం మీద. మిగతాది ఎవరు పెడతారో ఆ మనిషి కేసు ఎప్పుడో ఒకప్పుడు నీ బెంచి ముందుకి లిస్టవుతుంది, రెక్యూజ్ అవుతావు, అంటే ఆ కేసు వినకుండా తప్పుకుంటావు, సరే, ఎన్నిట్లోంచని అవుతావు?

వెకేషన్‌లో ఇంటికి రా. టికెట్ ఇస్తానన్న పెద్దమనిషి బదులుగా ఏం అడిగాడో అప్పుడు చెబుదువుగాని, ఫోన్లో వద్దు.

మీ మావయ్య