పాలపన్ను తీసిన ఖాళీకి ఏ తీగ మేలు?

ప్రశ్న: మా బాబుకు ఏడున్నరేళ్లు. కింది వరసలో రెండువైపులా రెండో పాలదవడ పన్ను పుచ్చిపోయి చీము పట్టింది. కుడిది పోయిన నెల తీసేశారు, ఎడమది వచ్చే వారం తీస్తారు. ఖాళీ మూసుకుపోకుండా బ్యాండ్ అండ్ లూప్‌లు (వెనక పన్నుకు తొడిగే స్టీలు రింగు, దానికి అతికించిన తీగ వంపు) రెండు పెట్టాలని ఒక డాక్టరు, అటూ ఇటూ కలిపి ఒకే తీగ చాలని ఇంకొకరు అన్నారు. మా అత్తమ్మేమో ‘ఎట్లాగూ ఊడే పళ్లే కదా’ అంటున్నారు. ఆరేళ్ల దవడపళ్లు (ఆ వయసులో వచ్చే మొదటి శాశ్వత దవడపళ్లు) వచ్చేశాయి. ముందుపళ్లలో నడిమి రెండే కొత్తవి. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: ఊడేవే గానీ, పదీ పదకొండేళ్ల దాకా ఉండాల్సినవమ్మా. ఆలోగా వెనకున్న ఆరేళ్ల పన్ను ఖాళీలోకి ఒరిగిపోతుంది. ఆ ఒరగడం ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. అందుకే ఆలస్యం చేయకండి.

ముందు ఎక్స్‌రే చూపించండి. కింద శాశ్వత పన్ను ఉందా, దాని వేరు ఎంత పెరిగింది, పైన ఎముక ఎంత మిగిలింది అన్నది తేలాలి. చీము ఎముకను తినేస్తే ఆ పన్ను ముందే రావచ్చు, అప్పుడు ఏ తీగా అక్కర్లేకపోవచ్చు.

మీ బాబుకు ఇప్పుడైతే రెండు లూప్‌లే సరి. ఒకే తీగను, అంటే లింగ్వల్ ఆర్చ్‌ను, కింది ముందుపళ్ల లోపలివైపు ఆనిస్తారు. నడిమి రెంటికీ పక్కన ఇంకా రావాల్సిన కొత్తపళ్లు సాధారణంగా పాలపళ్ల వెనకనుంచే లేస్తాయి, తీగ ఉంటే దానికి తగులుకుంటాయి. ముందుపళ్లు నాలుగూ కొత్తవి వచ్చాక ఆర్చ్ మంచిది. ఎలాగూ అప్పటికి దాని అవసరం పడుతుంది: లూప్ ముందుకొస ఆనేది మొదటి పాలదవడ పన్నుకు, అది తొమ్మిది పదకొండేళ్ల మధ్య ఊడితే లూప్‌కు ఆధారం పోతుంది. ఈ మార్పిడి ఖర్చు గురించి ఇప్పుడే మాట్లాడుకోండి.

తీసి పెట్టుకునే ప్లేటు చాలా పళ్లు పోయినవాళ్లకు, నమలడానికి కూడా పనికొస్తుంది. కానీ ఈ వయసు పిల్లలు అన్నం దగ్గర తీసి పారేసుకుంటారు. ఆరేళ్ల పన్ను ఇంకా రాకపోయుంటే చిగురు లోపలికి దిగే డిస్టల్ షూ పెట్టాల్సి వచ్చేది. గుండెజబ్బున్న పిల్లలకు అది వద్దు.

పని రెండు మూడు సార్లలో అయిపోతుంది. పళ్ల మధ్య రబ్బరు రింగులు కొన్ని రోజులుంచి, ఆరేళ్ల పన్నుకు సరిపోయే స్టీలు బ్యాండ్ చూసి, అచ్చు తీసి ల్యాబుకు పంపుతారు. అక్కడ 0.9 మిల్లీమీటర్ల తీగను బ్యాండుకు సోల్డర్ చేస్తారు. ఎడమవైపు కొలత పన్ను తీయకముందే ఇవ్వచ్చు. లూప్ చిగురును నొక్కకూడదు, కొత్తపన్ను మధ్యలోంచి లేచేంత వెడల్పుండాలి. అంటించేటప్పుడు పన్ను మీద ఉమ్మి తడి ఉంటే సిమెంటు పట్టు ఉండదు. ఎక్కువగా ఊడేది అక్కడే.

చెనిక్కాయ ఉండలు, పాకం చెక్కలు, చెరకు నమలడం మానిపించండి. వారానికోసారి వేలితో బ్యాండును కదిపి చూడండి. కదిలితే, నోరు వాసనొస్తే వెంటనే చూపించండి, కదిలే బ్యాండు కింద పన్ను తెలియకుండా పుచ్చుతుంది. ఊడి చేతికొస్తే మీరే నొక్కి పెట్టకండి, డబ్బీలో వేసి తీసుకెళ్లండి. ఏమీ కాకపోయినా మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించాలి. చిగురులోంచి కొత్తపన్ను మొన తేలిందంటే లూప్ తీయించే వేళయినట్టే.