లైవ్ ఇచ్చేటప్పుడు కనిపించే ప్రతి ఒక్కరి అనుమతీ తీసుకోవాలా?

మీరూ, టెన్త్ చదివే మీ తమ్ముడూ కలిసి ఊళ్ళో పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు యూట్యూబ్‌లో లైవ్ ఇద్దామనుకుంటున్నారు, ఎవరెవరిని అడగాలి అన్నారు. నేను కరోనా నాటి నుంచి తెనాలి చుట్టుపక్కల ఇదే పని చేస్తున్నాను. అందరినీ అడగడం అయ్యే పని కాదు. గుమ్మం దగ్గర ‘లైవ్ వస్తోంది, ఎడమవైపు వరుసలు కెమెరాలో పడవు’ అని ఫ్లెక్సీ కడతాను. ఇష్టం లేనివాళ్ళు అటు కూర్చుంటారు.

అందరూ కెమెరా గురించే అడుగుతారు కానీ, నా కొంప ముంచింది మైకు. ఒక పెళ్ళిలో పంతులుగారి కండువాకు కాలర్ మైకు పెట్టాను. మేళం ఆగిన రెండు నిమిషాల్లో, ఆయన పక్కనే కూర్చున్న పెళ్ళికూతురి తండ్రి బావమరిదితో, ‘సాయంత్రంలోగా ఇంకో రెండు లక్షలు సర్దకపోతే వంటవాళ్ళు కదలనివ్వరురా’ అన్నాడు. నేను కాఫీ తాగుతున్నాను, హెడ్‌ఫోన్ మెడలో వేలాడుతోంది. అమెరికా నుంచి చూస్తున్న మగపెళ్ళివారి బంధువొకావిడ ‘అన్నీ వినపడుతున్నాయి, మైకు ఆపండి’ అని చాట్‌లో పెట్టాకే తెలిసింది. లైవ్ అయిపోయినా వీడియో ఛానెల్‌లోనే ఉండిపోతుంది కదా, ఆ రాత్రే ఆ ముక్క కత్తిరించాను. అప్పటికే వాట్సాప్‌లో తిరిగేసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. బాకీ మొత్తం లెక్కపెట్టి ఇచ్చాడు, నా మొహం మాత్రం చూడలేదు.

ఇప్పుడు మంత్రాలప్పుడే మైకు ఆన్, హెడ్‌ఫోన్ చెవిలోనే. లింకు అన్‌లిస్టెడ్‌లో, అంటే లింకు ఉన్నవాళ్ళే చూసేలా పెడతాను. అయినా ఫార్వర్డ్ చేసేవాళ్ళు చేస్తారు, అది పూర్తి ప్రైవేటు కాదని పెళ్ళివాళ్ళకు ముందే చెప్పండి. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో 20 సెకన్ల డిలే పెట్టుకోండి. ఏదైనా తేడా జరిగితే, ఇంకా బయటికి వెళ్ళని ఆ 20 సెకన్లనూ పారేసి లైవ్ ఆపేయవచ్చు.

తిరునాళ్ళలో స్నానాల రేవు వైపు అస్సలు తిప్పొద్దు. ఒప్పుకోని మనిషి ఒంటి రహస్య భాగాలు కనపడేలా చూపిస్తే ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ళ వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, రెండూ పడొచ్చు. తమ్ముడికి 16 నిండకపోతే ఒంటరిగా లైవ్ ఇవ్వనివ్వకండి, 2025 జూలై నుంచి యూట్యూబ్ రూలే అది.

పెళ్ళివాళ్ళు ఎంత అడిగినా నేను భోజనాలు మాత్రం లైవ్ ఇవ్వను. రెండోసారి జిలేబీ వేయించుకునే మనిషిని అమెరికా వాళ్ళు చూడక్కర్లేదు.