గణిత బోధనలో పీహెచ్‌డీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేశాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌ని. గణిత బోధన మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఎంఈడీ లేకుండా కుదురుతుందా? ఉద్యోగం మానాలా?
– ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: మన దేశంలో గణిత విద్యకంటూ విడిగా శాఖ ఉండటం చాలా అరుదు. ఎక్కువ చోట్ల ఎడ్యుకేషన్ శాఖలోనే చేరాలి, పట్టా మీదా అదే ఉంటుంది. ఆ శాఖలు సాధారణంగా ఎంఈడీ గానీ ఎంఏ ఎడ్యుకేషన్ గానీ అడుగుతాయి, బీఈడీ సరిపోదు. ఎమ్మెస్సీతోనే వెళ్ళగలిగే దారి ముంబైలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ కింద నడిచే ఆ కేంద్రంలో సైన్స్ ఎడ్యుకేషన్ పీహెచ్‌డీ ఉంది, గణిత విద్య అందులో భాగమే. అయితే పూర్తికాలం పరిశోధనకు సిద్ధపడి వెళ్ళాలి.

ఎడ్యుకేషన్ శాఖలో చేరితే ఉద్యోగం మానక్కర్లేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనలు పార్ట్‌టైమ్‌ను అనుమతిస్తాయి. పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. మీ శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ)లో మూడు మాటలు తప్పక ఉండాలి: పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతించామని, విధులు పోను పరిశోధనకు తగిన సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సువర్క్ (పరిశోధన మొదట్లో చదివే పాఠ్యాంశాలు) కోసం రిలీవ్ చేస్తామని. ‘అభ్యంతరం లేదు’ అని ఒక్క వాక్యం రాయించుకుని వెళ్తే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. కోర్సువర్క్ 12 నుంచి 16 క్రెడిట్లు, అందులోనూ 55 శాతం రావాలి. పీహెచ్‌డీకి కనీస గడువు మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్ళు, మహిళలకు దానిపైన ఇంకో రెండేళ్ళు దొరుకుతాయి. దూరవిద్యలోనో ఆన్‌లైన్లోనో పీహెచ్‌డీ ఇస్తామని ఎవరన్నా చెబితే డబ్బు కట్టకండి, అది చెల్లదు.

ప్రశ్న: సీఎస్‌ఐఆర్ నెట్‌లో మ్యాథమెటికల్ సైన్సెస్ అర్హత ఉంది. ఎంఈడీ కూడా చేశాను. ఆ స్కోరు పనికొస్తుందా?
– విజయనగరం పాఠకుడు

జవాబు: సీఎస్‌ఐఆర్ నెట్ సైన్సు, గణితాలకు జరిపే జాతీయ అర్హత పరీక్ష, ఆ స్కోరు గణితశాఖలో చేరడానికి. ఎడ్యుకేషన్ శాఖకు యూజీసీ నెట్‌లో ఎడ్యుకేషన్ సబ్జెక్టు రాయండి. పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత పొందినవారి స్కోరు ఏడాది పాటే చెల్లుతుంది. వారికి నెట్ మార్కులకు 70, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ.

ప్రశ్న: ‘తొమ్మిదో తరగతి విద్యార్థులకు గణితం పట్ల వైఖరి, అందులో సాధించిన మార్కులు’ అనే అంశం తీసుకోమంటున్నారు. మంచిదేనా?
– పరిశోధక విద్యార్థిని, తిరుపతి

జవాబు: వద్దని గట్టిగా చెబుతాం. నాలుగైదు వందలమందికి ప్రశ్నావళి పంచి, బాలురు–బాలికలు, గ్రామం–పట్టణం, ప్రభుత్వ–ప్రైవేటు అని టి-టెస్టులు (రెండు గుంపుల సగటులు పోల్చే లెక్కలు) వేస్తే పట్టిక నిండుతుంది గానీ, పిల్లవాడు లెక్క ఎక్కడ తప్పాడో, ఎందుకు తప్పాడో తెలియదు. గణితమే లేని గణిత విద్య అది. వైవాలో, అంటే చివరి మౌఖిక పరీక్షలో, ‘ఇందులో కొత్తగా తెలిసిందేమిటి?’ అని అడిగితే చెప్పడానికేమీ ఉండదు.

ఆరో తరగతి పిల్లలకు 8 + 4 = __ + 5 ఇచ్చి చూడండి. కొందరు ఖాళీలో 12 రాస్తారు, కొందరు 17. సరైనది 7. మార్కుల లెక్కలో రెండూ సున్నాలే. కానీ 12 రాసిన పిల్లకి ‘=’ అంటే ‘ఇక జవాబు రాయి’ అనే ఆజ్ఞ. 17 రాసినవాడు కనిపించిన అంకెలన్నీ కూడేశాడు. రెండు తప్పుల వెనక రెండు ఆలోచనలు. ఏడో తరగతిలో సమీకరణాలు వచ్చేసరికి ఆ ఆలోచనలు ఏమవుతున్నాయి, ఎలాంటి బోధనతో మారుతున్నాయి అన్నది పరిశోధనకు తగిన ప్రశ్న.

ఇలాంటి లెక్కలతో ఒక పరీక్ష తయారుచేసి, దాన్ని ముందు వేరే బడిలో ఇచ్చి, అర్థంకాని ప్రశ్నలు సరిదిద్దుకోండి. అసలు పరీక్ష అయ్యాక ఒక్కో రకం తప్పు చేసినవారిలో ఐదారుగురిని కూర్చోబెట్టి ‘ఎలా చేశావో చెప్పు’ అని అడిగి రికార్డు చేయండి. మధ్యలో ‘తప్పు’ అన్నారో, పిల్లవాడు అక్కడితో మూగపోతాడు. మీరు పాఠం చెప్పే పిల్లల్ని మీరే ఇంటర్వ్యూ చేయకండి, మీకు నచ్చే జవాబే చెబుతారు. ప్రధానోపాధ్యాయుడి అనుమతి, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ముందే తీసుకోండి. పని అయ్యాక సంతకాలకు తిరిగితే ఆ సమాచారం వాడుకోవడానికి వీలుండదు.

ప్రశ్న: పేపర్లు ప్రచురిస్తేనే థీసిస్ తీసుకుంటారా?
– కర్నూలు పాఠకుడు

జవాబు: 2016 నిబంధనల్లో ఒక పేపరు, రెండు సదస్సు ప్రసంగాలు తప్పనిసరిగా ఉండేవి. 2022లో యూజీసీ ఆ షరతు తీసేసింది. కొన్ని విశ్వవిద్యాలయాలు సొంతంగా అడగవచ్చు కాబట్టి మీరు చేరిన ఏడాది విశ్వవిద్యాలయ ఆర్డినెన్స్ (పీహెచ్‌డీ నియమావళి) చూసుకోండి. ఇతరుల రాతలతో పోలికల తనిఖీలో 10 శాతం దాటి 40 శాతం వరకు ఉంటే థీసిస్ సవరించి మళ్ళీ ఇవ్వాలి. సాహిత్య సమీక్ష (ముందు జరిగిన పరిశోధనల పరిశీలన) అధ్యాయాన్ని పాత థీసిస్‌ల నుంచి ఎత్తి రాసేవారు ఇక్కడే దొరికిపోతారు. ఆ తర్వాత కనీసం ఇద్దరు బయటి పరీక్షకులకు వెళ్తుంది. ఒకరు తిరస్కరిస్తే మరొకరికి పంపుతారు, ఆయన ఆమోదిస్తేనే వైవా.